వీలుబాట

రెండువేల సంవత్సరం, జూన్ అయిదో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం కాశీవిశ్వనాథం తిన్నది అడుగంటిన సొరకాయ కూర, పైవాటాలో ఉండే సత్యలక్ష్మిగారు పంపిన గడ్డపెరుగు. కూర పాడైన రోజునే పెరుగు రావడం ఆయనకు చాలాసార్లు జరిగింది. మాడు వాసన కింది నుంచి పైకి పోయేదో ఏమో, ఆవిడ అడక్కుండానే గిన్నె పంపేది. అన్నం తిని, కృష్ణానగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కి, రెండున్నరకు ఆఫీసులో ఒక ఫైలు మీద మూడు వాక్యాలు రాశాడు. ఆ మూడు వాక్యాల వల్లే ఆ తేదీ, ఆ తిండి ఆయనకు ఈనాటికీ గుర్తు.

ఆయన భీమవరంలో ముప్పై మూడేళ్ళు కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఏడాది తిరక్కుండానే భార్య సీతామహాలక్ష్మి పోయింది. పరామర్శకు వచ్చిన పాత శిష్యుడు వరప్రసాద్, "ఒక్కరే కూర్చుని గోడలకు లెక్కలు చెప్తారా మాస్టారూ? పదండి నాతో" అని వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకొచ్చాడు. వరప్రసాద్ అంతకుముందు రెండు సినిమాలు తీశాడు. రెండిటికీ రెండో వారం పోస్టరు వేసే అవసరం రాలేదు. అప్పుడు కంప్యూటర్లలోకి దిగి జూబ్లీహిల్స్‌లో శిఖర కంప్యూటర్స్ పెట్టాడు. "మన సినిమాకి పిలిచినా రాని జనం ఇక్కడికి తిరునాళ్ళకి వచ్చినట్టు వస్తున్నారండీ" అని నవ్వేవాడు.

నిజంగానే తిరునాళ్ళు. ఇంజనీరింగు పాసైన పిల్లలు, బంగళాల నుంచి డ్రైవర్లు తెచ్చి దింపే పిల్లలు, ఫిల్మ్‌నగర్ ఎడిటింగు గదుల్లో పనిచేసేవాళ్ళు, మాధాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడల్లో ఏదో ఒక కుర్చీ దొరక్కపోదా అనుకునేవాళ్ళు. వాళ్ళందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, నువ్వు ఎక్కడున్నావు, ఎక్కడికి చేరాలి అని అడిగి, మధ్యలో దారి గీసి ఇవ్వడం విశ్వనాథం ఉద్యోగం. దారి గీసేది కార్డు మీద. ఆకుపచ్చ కార్డంటే ప్రోగ్రామింగు, డేటాబేస్, ఆరు నెలలు. పసుపు కార్డు ఆఫీసు పనులకు. గులాబీ కార్డు టైపింగుకు. ఏ రంగో ఆయన చూపు మీద తేలిపోయేది. "మాస్టారి మాటే ఫైనల్" అని వరప్రసాద్ అందరికీ చెప్పి ఉంచాడు.

సీతామహాలక్ష్మి బతికున్నప్పుడు ఒక మాట అంటుండేది. "మీరు పేపరు దిద్దకముందే మొహం చూసి మార్కులు వేసేస్తారండీ" అని. ఆయన నవ్వేసేవాడు.

ఆ సోమవారం వచ్చిన అమ్మాయి పేరు బాలమణి. ఇరవై నాలుగేళ్ళుంటాయి. సిద్దిపేట వైపు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ముంజేతికి నల్ల దారంతో గుచ్చిన పిన్నీసుల దండ ఉంది. దాన్ని తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

"ఏం చేస్తుంటావమ్మా?"

"సిన్మలల్ల సార్. కాస్ట్యూముల కాడ."

"ఎంతవరకు చదివావు?"

"ఇంటర్ సార్. ఇంగ్లీషు పోయింది."

"ఏం నేర్చుకోవాలని?"

"డేటాబేసు. బట్టల రికార్డంత కంప్యూటర్ల పెట్టాలె. మా కంపెనీల ఉగాదికి కంప్యూటర్ తెస్తరట. తెచ్చినంక గా కుర్సీల ఎవరో కాలేజీ పిల్ల కూసుంటది, నేను ఆమెకు చీరెలు మోసుకుంట తిరగాలె. గట్ల కావొద్దనే వచ్చిన."

"క్లాసులకు రోజూ రాగలవా?"

"షూటింగు లేని దినం వస్త సార్."

ఆయన ఇంకేమీ అడగలేదు. గులాబీ కార్డు తీసి, స్కేలు పెట్టి మూడు గళ్ళు గీసి, "ముందు టైపింగు నేర్చుకో తల్లీ, తర్వాత చూద్దాం" అని మెత్తగా చెప్పాడు. ఆయన ఏం చెప్పినా మెత్తగానే చెప్పేవాడు. ఆ మెత్తదనాన్ని చూసుకుని తను మంచివాణ్ణని అనుకునేవాడు. ఆమె కార్డు తీసుకుని, ఒక్క క్షణం దాని రంగు చూసి, దండం పెట్టి వెళ్ళింది. అప్పుడు ఫైలు మీద రాశాడు. "సినిమా పని. నిలకడ ఉండదు. పెద్ద కోర్సుకు పనికిరాదు." కింద పొడి అక్షరాలతో సంతకం.

బాలమణి టైపింగుకు వచ్చేది. ఒక వారం రోజూ వచ్చేది, తర్వాత నాలుగు రోజులు అజా పజా ఉండేది కాదు. విశ్వనాథం తన మాట నిజమైందని తల ఊపుకునేవాడు. జులై రెండో వారంలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ వెళ్ళిపోయారు. ఆమె మెట్ల మీద కూర్చుని పొడుగాటి నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఆయనకు గొడుగు లేదు. పక్కన నిలబడ్డాడు.

"ఏంటమ్మా అది?"

"కంటిన్యుటీ సార్."

"అంటే?"

ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పింది. గళ్ళు గీసి ఉన్నాయి. తన కార్డుల మీద గళ్ళకన్నా తిన్నగా ఉన్నాయి. సీను నంబరు, చీర రంగు, గాజులు ఎన్ని, ఏ చేతికి, బొట్టు, జడలో పూలున్నాయా లేవా. చివరి గడిలో మళ్ళీ కొన్ని నంబర్లు.

"సూడుండ్రి. నలభై ఒకటో సీను మొన్న తీసిండ్రు. పన్నెండోది ఎల్లుండి తీస్తరు. కథల ముందచ్చేదేమో పన్నెండు. హీరో డేట్లు, అవుట్‌డోరు, వాన, అన్ని సూసుకోని ఎట్ల వీలైతే అట్ల తీస్తరు కద. అయితే నలభై ఒకట్ల హీరోయిన్ చేతికి కట్టుంటది. కట్టు ఎక్కడ పడ్డది? ముప్పై ఎనిమిదిల. గందుకే గీ ఆఖరి గడిల ముప్పై ఎనిమిది అని రాసుకున్న. ఏ సీను ఏ సీను కాడికెళ్ళి ఏం తెచ్చుకుంటదో గది తెలిస్తె చాలు సార్. ఇగ ఏది ముందు తీసినా ఫికర్ లేదు."

"తప్పు రాదా?"

"వస్తె నా నౌకరి పోతది. ఆరేండ్లు అయింది, ఇంక పోలే." నవ్వింది. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు అడిగింది. "అవును సార్, మీ క్లాసులు గిట్ల ఎందుకు పెట్టరు? మా బ్యాచుల మొన్న నేను మూడో పాఠం తప్పిన. నాలుగో దాన్ల కూసోనియ్యలే. నాలుగోదానికి మూడోదాంతోని పనే లేదు, నేను పుస్తకంల సూసిన. రెండోది వస్తె చాలు. మూడోది నేను ఆదివారం చెప్పించుకుంటుంటి కద?"

వాన తగ్గింది. ఆమె చున్నీ నెత్తిన కప్పుకుని పరుగెత్తింది. విశ్వనాథం అక్కడే నిలబడిపోయాడు. ముప్పై మూడేళ్ళలో ఒకటో అధ్యాయం తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. ఎందుకు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ తర్వాత పదిహేను రోజులూ ఇంట్లో నేల మీద కాగితాలు పరుచుకుని ఆయన అదే పని చేశాడు. ఏది దేనికి కావాలో పాఠాలు చెప్పేవాళ్ళను అడిగి తెలుసుకుని, ఆరు నెలల ఆకుపచ్చ కోర్సును ముప్పై ఆరు ముక్కలు చేశాడు. ప్రతి ముక్కకూ చివర ఒక గడి. దీనికి ముందు ఏది వచ్చి ఉండాలి? అది వచ్చినవాడు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. ఉద్యోగం ఉన్నవాడు, పరీక్షలున్నవాడు, ఊరికి వెళ్ళొచ్చినవాడు, ఎవరి గమ్యాన్ని బట్టి వాళ్ళకు కావలసిన ముక్కలే ఏరుకుని వెళ్ళొచ్చు. దానికి "వీలుబాట" అని పేరు పెట్టాడు. బాలమణిని పిలిచి చూపించాలని రోజూ అనుకున్నాడు. రేపు చూపిద్దాం, పూర్తయ్యాక చూపిద్దాం అనుకున్నాడు. ఎవరికైనా ఇలాంటి తప్పులు ఇలాగే మొదలవుతాయి.

జులై నెలాఖరున వరప్రసాద్ తన అద్దాల గదిలో పాఠాలు చెప్పేవాళ్ళందరినీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. విశ్వనాథం చార్టు విప్పి చూపిస్తే, వరప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

"మాస్టారూ! బొమ్మ అదిరిందండీ! ఊరంతా ఒక్కటే పాట పాడుతున్నారు, ఆరు నెలలు రోజూ రండి, రోజూ రండి అని. ఇది ఎవరికీ లేదు. అసలు ఎలా తట్టిందండీ మీకు?"

అద్దానికి అవతల టైపింగు గది. తలుపు ఓరగా తెరిచి ఉంది. మూడో బల్ల దగ్గర బాలమణి వీపు కనిపిస్తోంది. వరప్రసాద్ గొంతు పెద్దది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఓరకంట ఇటు చూస్తున్నట్టు తల కొంచెం పక్కకు తిరిగింది. విశ్వనాథం ఆమె చెవికున్న చిన్న రింగును చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. అదిగో, ఆ అమ్మాయి పుస్తకంలో చూశాను అంటే చాలు. కానీ పదిమంది ముందు, ఇంటర్ తప్పిన అమ్మాయి దగ్గర నేర్చుకున్నానని, అదీ తన శిష్యుడి ముందు ఎలా చెప్పడం?

"ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను కదయ్యా," అన్నాడు. "అనుభవం."

అందరూ చప్పట్లు కొట్టారు. బాలమణి వెనక్కి తిరిగి ఆయన వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. మళ్ళీ టైపు మొదలుపెట్టింది. ఆయన టీ కప్పు కింద పెట్టి చార్టు చుట్టేశాడు.

మూడు రోజుల్లో కరపత్రాలు వచ్చాయి. మీద విశ్వనాథం ఫొటో, కింద "ముప్పై మూడేళ్ళ అనుభవం నుంచి పుట్టిన వీలుబాట". ల్యాబులో ఇరవై కంప్యూటర్లు కాబట్టి ఇరవై మందే. సోమవారం, ఆగస్టు ఏడున మొదలు. జనం ఎగబడ్డారు. ఆకుపచ్చ కార్డులవాళ్ళ పేర్లు వరసగా రాసి వరప్రసాద్ జాబితా కట్టాడు.

ఆ ముందటి శుక్రవారం పొద్దున బాలమణి వచ్చింది. ముందు బల్ల దగ్గర కూర్చునే నిహారికను అడిగింది.

"మేడం, వీలుబాటల నా పేరు రాయుండ్రి."

నిహారిక ఫైలు తీసింది. తెరిచి, మూసేసింది. "నీది గులాబీ కదా బాలమణీ. పైగా సీట్లు నిండిపోయినయ్."

"గులాబీ ఉంటె ఏంది? మార్చుకుంట."

"అది కాదు... సార్ రిమార్కు ఉంది."

"ఏం రిమార్కు?"

బాలమణి ఫైలు తన వైపు లాక్కుంది. విశ్వనాథం అప్పుడే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఉన్నాడు. ఆమె ఆ మూడు వాక్యాలూ పెదవులు కదుపుతూ చదవడం చూశాడు. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది. తలెత్తితే ఆయన కనిపించాడు.

"మీ చేతిరాత మంచిగున్నది సార్," అంది. "నాసొంటిదానికి గూడ చదవొస్తది."

ఆయనను దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నిహారిక ఫైలు సర్దుకుంటూ, ఆయన మొహం చూడకుండా, "సార్, ఆ కాగితం తీసేసి కొత్తది పెట్టేస్తే ఎవరికీ తెలియదు," అంది. దయగానే అంది. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడు. ఆకుపచ్చ కార్డు ఒకటి రాసేస్తే సరి. కానీ జాబితా వరప్రసాద్ చేతిలో ఉంది, ఇరవై సీట్లూ నిండాయి. ఇరవై ఒకటో పేరు ఎక్కాలంటే వరప్రసాద్ ఒప్పుకోవాలి. ఎందుకు ఒప్పుకోవాలో చెప్పాలంటే ఒక్కటే కారణం ఉంది. అది చెప్పకుండా ఎన్ని రంగుల కార్డులు రాసినా లాభం లేదు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. మూడింటికి అద్దాల గదిలోకి వెళ్ళాడు.

"రండి మాస్టారూ! కూర్చోండి. ఏంటి అలా ఉన్నారు? ఎండా?"

"బాలమణి అని ఒక అమ్మాయి. ఆమెకు సీటు ఇవ్వాలి."

వరప్రసాద్ ఫైలు తెప్పించి చూశాడు. "మీరే కదండీ పనికిరాదని రాశారు?"

"రాశాను. అయిదు నిమిషాలు చూసి రాశాను. సినిమా అనగానే ఇంక వినలేదు." ఫైలు మూసి పక్కన పెట్టాడు. "వరప్రసాదూ, వీలుబాట నాది కాదయ్యా."

"అంటే?"

"ఆ అమ్మాయిది. సీన్లు ముందూ వెనకా ఎలా తీస్తారో, ఎలా రాసుకుంటుందో నాకు చూపించింది. పాఠాలు కూడా అలా పెట్టమంది. నేను ముక్కలు చేసి గీతలు గీశాను, అంతే. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు ఆ అమ్మాయి బయటే కూర్చుని ఉంది. తెలిసే అబద్ధం చెప్పాను."

వరప్రసాద్ పేపరువెయిటు తిప్పుతూ ఆయన వైపు చూశాడు. ఒకప్పుడు ఇదే శిష్యుణ్ణి పక్కవాడి పేపరు చూసి రాశాడని విశ్వనాథం గంటసేపు బెంచీ ఎక్కించాడు. అది అతనికి గుర్తుందో లేదో తెలియదు. గుర్తుంటే మాత్రం అనలేదు. ఆ అనకపోవడాన్ని విశ్వనాథం మనసులో ఒక మూల దాచుకున్నాడు.

చివరికి వరప్రసాద్ నవ్వాడు. "సినిమావాళ్ళం మాస్టారూ. కథ ఎవరిదో తేల్చమంటే ఫిల్మ్‌నగర్‌లో సగం ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. దీనికి మీరు అంత ఇదైపోతే ఎలా?"

"సీటు?"

"ఇరవై కంప్యూటర్లకి ఇరవై మంది. ఎవణ్ణి లేపమంటారు? రాత్రి ఎనిమిది తర్వాతయితే ల్యాబు ఖాళీ. కానీ అప్పుడు ఎవరు తెరిచి కూర్చుంటారు?"

"నేను కూర్చుంటాను."

"మీ ఇష్టం. కాకపోతే కరపత్రం మీద పేరు మార్చమని మాత్రం అడక్కండి. పదివేలు కొట్టించాం, సగం పంచేశాం. బొమ్మ రిలీజయ్యాక టైటిల్స్ మార్చలేం."

విశ్వనాథం అడగాల్సింది. నోరు రాలేదు. సీటు ఇచ్చినవాడితో మళ్ళీ పేచీ ఏం పెట్టుకుంటామని సర్దిచెప్పుకున్నాడు. అలా సర్దిచెప్పుకోగలగడం ఇంకా సిగ్గనిపించింది.

కృష్ణానగర్ సందులో బాలమణి గది వెతకడానికి గంట పట్టింది. దారి పొడుగునా కరెంటు స్తంభాలకు తన ఫొటో కనిపిస్తూనే ఉంది. ఒక చోట కిళ్ళీకొట్టతను పోల్చుకుని, "మీరేనా సార్? మంచి ఫోటో దిగిండ్రు, హీరోలెక్కున్నరు" అన్నాడు. ఆయన తల దించుకుని నడిచాడు.

ఆమె గడపలో కూర్చుని ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. లేవలేదు. అలాగని పొమ్మనలేదు. చాప కొంచెం పక్కకు జరిపింది. ఆయన కూర్చోకుండానే చెప్పాడు. వరప్రసాద్‌కు అంతా చెప్పేశానని, రాత్రి ఎనిమిదింటికి ల్యాబు తెరుస్తారని, కరపత్రం మీద పేరు మాత్రం అలాగే ఉంటుందని. చివరిది చెప్పేటప్పుడు ఆమె సూదిని చూస్తూ చెప్పాడు.

"తప్పు చేశానమ్మా. క్షమించు."

ఆమె దారం పళ్ళతో తెంపింది.

"మీరు ఫైల్ల రాసినదానికి నాకు అంత కోపం లే సార్. సిన్మోళ్ళం అంటె అందరు గట్లనే రాస్తరు, కొందరు కాయితం మీద, కొందరు మొఖం మీద. ఇల్లు కిరాయికడిగితె గూడ గదే మాట. గా దినం అద్దంలకెళ్ళి నన్ను సూసుకుంట చెప్పిండ్రు సూడుండ్రి, గదే నా కోపం. సూడకుండ చెప్పినా అయిపోతుండె."

ఆయన చాప అంచున కూర్చున్నాడు.

"సోమవారం నుంచేనా?"

"సోమవారం నుంచే."

"వస్త. మీరు పిలిచిండ్రని కాదు, నాకు గా కుర్సీ కావాలె. మాఫీ సంగతి అడగకుండ్రి. అది నా చేతుల లేదు, ఎప్పుడొస్తె అప్పుడొస్తది." మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తూ, "చీకటి పడ్డది, ఆ మూలమలుపు కాడ మోరీ ఉంది, సూసుకోని పోండ్రి," అంది.

ఆ మురుగు మోరీ దాటేటప్పుడు ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాట చెప్పాల్సిన పని ఆమెకు లేదు.

సోమవారం ఎనిమిదింటికి బాలమణి వచ్చింది. మొహానికి స్టూడియో దుమ్ము, చేతిలో పొడుగు పుస్తకం. విశ్వనాథం ల్యాబు తాళం తీసి, లైట్లు వేసి, ఆమెకని రాసి ఉంచిన కార్డు బల్ల మీద పెట్టాడు. రంగు లేని తెల్ల కార్డు. షూటింగు ఉన్న వారానికి ఏ ముక్కలు, లేని వారానికి ఏ ముక్కలు, ఉగాదికి ఎక్కడికి చేరాలి. ఆమె దాన్ని శ్రద్ధగా చూసి, పెన్ను తీసి రెండు గళ్ళు కొట్టేసింది.

"ఇవి నాకు అక్కరలేదు. బట్టల రికార్డుకు వీటితోని పని లేదు." మూడో గడిని బాణం గీసి ముందుకు తెచ్చింది. "ఇది ముందు కావాలె."

"అలాగేనమ్మా," అన్నాడు.

పాఠం చెప్పే అతను కాగితాల మీద రాసి వెళ్ళిన లెక్కలు ఆమె ఒక్కతే కూర్చుని చేసుకుంది. ఆయన బయట తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమెకు చెప్పగలిగింది ఆయన దగ్గర ఏమీ లేదు. డేటాబేస్ ఆయనకు రాదు. అలమరలోంచి పాత ఫైళ్ళు దించి, తను రాసిన రిమార్కులు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. నిలకడ లేదు. గ్రహింపు తక్కువ. ఇతని వల్ల కాదు. రెండేళ్ళ ఫైళ్ళు. అన్నీ గుండ్రటి, మంచి చేతిరాత. కొందరి మొహాలు గుర్తుకు తెచ్చుకుందామని ప్రయత్నించాడు. రాలేదు. ఒక కాగితం తీసుకుని, ఎవరెవరిని మళ్ళీ పిలిచి అడగాలో పేర్లు రాసుకుంటూ పోయాడు. కాగితం నిండింది. ఇంకోటి తీసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు లోపల కంప్యూటరు ఆపిన చప్పుడు వినిపించింది. బాలమణి లైట్లు ఒక్కొక్కటే తీసేసి బయటికి వచ్చింది. ఆయన ముందున్న ఫైళ్ళ గుట్టను చూసింది. ఆయన తలెత్తలేదు. వెళ్ళొస్తానని చెబుతుందేమో అని ఒక్క క్షణం పెన్ను ఆపాడు. ఆమె చెప్పలేదు. ల్యాబు తలుపు రెండు చేతులా దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టింది.